పడవలో నీ వంతు

ఫిబ్రవరి 11

తమ్ముడికి,

ఉత్తరం అంటే ముందు క్షేమం అడగాలి. నేను క్షేమంగా లేను. నువ్వెలా ఉన్నావో తెలుసుకోవాలని కూడా ఇప్పుడు లేదు. అందుకని ఆ రెండు ముక్కలూ ఎగరగొట్టి అసలు సంగతికి వస్తున్నాను. ఫోన్ చేయొచ్చుగా అంటావేమో. ఫోనైతే నాలుగో మాటకే పెట్టేస్తావు. ఉత్తరాన్ని చించితే చించుతావు గానీ, చించే ముందు చివరిదాకా చదువుతావు. నిన్ను ఎత్తుకుని తిప్పినదాన్ని, నాకు ఆ మాత్రం తెలుసు.

మొన్న శనివారం నువ్వు చేసిన పనికి నాకు తల కొట్టేసినట్టయింది. నాన్న పోయినప్పుడు ఉన్న రెండు రోజులూ తీసేస్తే పదకొండేళ్ల తర్వాత వచ్చావు. మరదలినీ పాపనీ వెంటబెట్టుకుని వస్తున్నానని కబురు పెడితే, మడుగు వెలుగు చూపించే రాత్రి పడవలో మూడు సీట్లు ఎవరికీ ఇవ్వకుండా అట్టిపెట్టాను. పొద్దున్నే పడవ అడుగు కడిగాను. పలకల మీద కూర్చుంటే మరదలి చీరకి మరక అవుతుందని పాత దుప్పటి మడత పెట్టి వేశాను. చూశావా దాన్ని? చూడలేదు. దాని పక్కన కూర్చున్నావు.

రేవు మెట్ల దగ్గరే తూలావు. మోటారు పడవల ముసలాయన భుజం పట్టుకుని దిగావు. ఆయన మనకి పోటీ అని తెలిసీ. సరే అనుకున్నాను. దోమల మందు రాసుకున్న చేతులు నీళ్లలో పెడితే, కదిపినప్పుడల్లా వెలిగే ఆ సన్న పురుగులు చచ్చిపోతాయి, సబ్బుతో కడుక్కుని రండి అని అందరికీ చెప్పినట్టే నీకూ చెప్పాను. కుళాయి ముందు నిలబడి "కుళాయి ఎక్కడా" అన్నావు. అప్పుడూ సరే అనుకున్నాను.

మడుగు మధ్యకి వెళ్లాం. చందమామ లేని రాత్రి, గాలి లేదు, తెడ్డు ముంచితే మోచేతి దాకా నీలం వెలుగు. ఏడాదికి నాలుగైదు సార్లు కూడా అంత బాగా దొరకదు. అందరూ వంగి నీళ్లలో చేతులు పెడుతుంటే నువ్వొక్కడివే చేతులు ఒళ్లో పెట్టుకుని, బస్సు కోసం ఎదురుచూస్తున్నవాడిలా తలెత్తి కూర్చున్నావు.

ఆ తర్వాత వంతు. నాన్న పెట్టిన పద్ధతి నీకు కొత్త కాదు. పడవ ఆపాక వెనక నుంచి ముందుకి ఒక్కొక్కరూ ఎలా ఉందో చెప్పాలి, మిగతావాళ్లు నోరు మెదపకూడదు. ఎనిమిది మంది చెప్పారు. ఒక పెద్దాయన విరిగిన పాలలా ఉందన్నాడు. టీచరమ్మ నల్లబల్ల తుడిచిన గుడ్డ దులిపినట్టుందంది. కొత్తగా పెళ్లయిన కుర్రాడు వాళ్లావిడని చూస్తూ ఏదో అన్నాడు, అది నీకు రాయకూడదు. తొమ్మిదో వంతు నీది. ఏమన్నావు?

"ఏముంది, నీళ్లేగా."

నాన్న బతుకంతా పోసిన నీళ్లురా అవి. నా బతుకు కూడా. నేను పడవ తిప్పేశాను. ఇంకా ఐదుగురు చెప్పాల్సి ఉన్నా తిప్పేశాను. మళ్లీ అదే మాటంటే మళ్లీ తిప్పేస్తాను.

పాప ఎడమకాలి చెప్పు పడవలో ఉండిపోయింది. ఎందుకో నానిపోయి ఉంది. ఎండబెట్టి కాగితంలో చుట్టి పెట్టాను. పిల్ల మీద నాకేం కోపం లేదు.

ప్రస్తుతానికి ఇంకా,
నీ అక్క


ఫిబ్రవరి 19

అక్కకి,

నమస్కారం పెట్టాననుకో. చేతులు ఖాళీ లేవు, నీ ఉత్తరం పట్టుకుని ఉన్నాయి.

రెండు పేజీలు రాశావు, ఒక్క మాట మాత్రం మింగేశావు. రేవు మెట్ల మీద నేను తూలినప్పుడు "తాగొచ్చావా?" అని అడిగావు. మెల్లగా కాదు, ఈ ఒడ్డున అరిస్తే ఆ ఒడ్డున వినపడే నీ గొంతుతో. మా ఆవిడ ముందు, నా కూతురి ముందు, చేతులు కడుక్కుంటున్న పదకొండు మంది ముందు. నేను తాగనని నీకు తెలుసు. మన ఇంట్లో ఎవరూ తాగరు. ఎవడో పెద్దమనిషి నవ్వాడు కూడా. ఆ నవ్వు చెవిలో పడ్డాక పడవ ఎక్కాను నేను. అక్కడి నుంచి నీకు కవిత్వం చెప్పాలా?

వదినకి కోపం ముక్కు మీదే ఉంటుంది, మనసు మాత్రం మంచిది అని రైల్లో దారి పొడవునా మా ఆవిడకి నచ్చజెప్పుకుంటూ వచ్చాను. తిరుగు ప్రయాణంలో ఆవిడ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. పాప ఒంటికాలి చెప్పుతో రైలెక్కింది. "అత్త ఎందుకు అరిచింది" అని అడిగితే ఏం చెప్పను?

నాన్న బతుకు, నీ బతుకు అన్నావు. బాగుంది. మరి నాది ఎక్కడ పోయింది? నాకు పదిహేనేళ్లప్పుడు "నువ్వు పడవకి పనికిరావు" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి ఊరు కాని ఊళ్లో తాళాల షాపులో పడేశాడు. నిన్ను మాత్రం పడవలో కూర్చోబెట్టాడు. ఇరవై రెండేళ్లుగా ఊళ్లోవాళ్ల తాళాలు తీస్తున్నాను, అప్పుడు మీరు నాకు వేసిన తలుపు మాత్రం ఇంతవరకు తీయలేకపోయాను. పడవ నీది, నీళ్లు నీవి, నాన్న నీవాడు. నేను టికెట్ కొనుక్కుని ఎక్కాల్సినవాణ్ని.

ఇంకో మాట. నేను నీ నీళ్లు చూడటానికి రాలేదు. వేరే పని మీద వచ్చాను. ఇంకొక్క నిమిషం ఓపిక పట్టి ఉంటే ఆ పని అయిపోయేది. నువ్వు పడవ తిప్పేశావు. ఆ పనేంటో ఇప్పుడు చెప్పే ఓపిక నాకు లేదు.

చెప్పు పంపక్కర్లేదు. కొత్తవి కొన్నాం.

తాళాలవాడు


ఫిబ్రవరి 26

తాళాలవారికి,

నువ్వొచ్చిన పనేంటో నువ్వు చెప్పక్కర్లేదు, నాకు అర్థమైంది. మోటారు పడవల ముసలాయనతో భుజం భుజం కలిపి నడిచినప్పుడే అర్థం కావాల్సింది, మట్టిబుర్రని. మన రేవు హక్కు ఆయనకి అమ్మించడానికి వచ్చావు. ఆయన ఆరేళ్లుగా దాని మీదే కన్నేసి ఉన్నాడు. హక్కు కాగితంలో నాన్న తర్వాత ఇద్దరి పేర్లూ ఉన్నాయి కదా, నీ సంతకం లేకుండా కుదరదు. అందుకే పెళ్లాం పిల్లలతో చుట్టపు చూపులా దిగావు. ఆ డబడబ ఇంజన్లు వచ్చి చమురు కారిస్తే ఏడాదిలో ఈ మడుగులో ఒక్క మిణుకు మిగలదు. అప్పుడు నీ మాట నిజమవుతుంది. నీళ్లే ఉంటాయి.

నన్ను పడవలో కూర్చోబెట్టారని కుళ్లుకుంటున్నావా? ఎలా కూర్చోబెట్టారో చెప్తాను విను. అమ్మ ఉన్నంతకాలం పడవ ముందు పలక మీద అమ్మ కూర్చునేది. అమ్మ పోయిన తొమ్మిదో రోజు నన్ను బడి మానిపించాడు నాన్న. నాకు పద్నాలుగేళ్లు. లెక్కల్లో నేనే ఫస్టు. హెడ్మాస్టరు ఇంటికొచ్చి బతిమాలాడు. "దీని అవసరం పడవలో ఉంది" అన్నాడు నాన్న, అంతే. ఆ రోజు నుంచి ముందు కూర్చుని "ఎడమ గుంజ వస్తోంది, కుడి గుంజ వస్తోంది" అని అరవడం నా పని. నీళ్లలో పాతిన ఆ పన్నెండు గుంజలూ ఆయనకి కంఠతా వచ్చు, ఎన్ని తెడ్లకి ఏ గుంజ వస్తుందో పైకి లెక్కపెట్టేవాడు కూడా. మరి నేనెందుకు అరవాలి? జనానికి తమాషాగా ఉంటుందని! బడి మానేసి తమాషాకి పనికొచ్చాను నేను.

ఇంట్లో మాత్రం సుఖమా? పొద్దుగూకాక ఒక్క స్టూలు పక్కకి జరిపితే ఇల్లు ఎగిరిపోయేది. చెంబు ఉన్న చోట చెంబు లేకపోతే నేను చచ్చానే. పడవ దిగి తాడు కడుతున్నప్పుడు కూడా వదిలేవాడు కాదు, "ఇవాళ ఎలా ఉందే?" అని రోజూ అడిగేవాడు. పద్నాలుగు మంది చెప్పింది చాలదన్నట్టు! కాళ్లు పీకుతుంటే, నిద్ర ముంచుకొస్తుంటే ఎవరు చెప్తారు?

నువ్వు ఇస్త్రీ చొక్కా వేసుకుని షాపులో ఫ్యాను కింద కూర్చున్నావు. నేను ఉప్పునీళ్లలో నానాను. నా అరచేతులు చూశావా ఎప్పుడైనా? ఇప్పుడు హక్కు అమ్ముతావా? నా శవం మీద సంతకం పెట్టు.

మొన్న ఒకావిడ నీళ్లలో రంగు కలుపుతున్నారా అని అడిగింది. నిన్ను తిట్టలేక ఆవిడని తిట్టాను.

ఇకమీదట,
పడవదాన్ని


మార్చి 6

అక్కా,

ఆ ముసలాయనతో నేను మాట్లాడిన మాటలు రెండు. "జాగ్రత్త, మెట్టు" అన్నాడు. "సరే" అన్నాను. నేను అడగకుండానే భుజం ఇచ్చాడు. రేవు హక్కు, కాగితం, సంతకం నాకేమీ వద్దు. కావాలంటే రేపే నీ పేరు మీద రాసిచ్చేస్తాను, పీడా పోతుంది. నా సొంత అక్క నన్ను దొంగ అనుకోవడం కంటే అదే నయం.

చెప్పకూడదనుకున్నాను. కానీ నాకు వేరే దారి మిగల్చలేదు నువ్వు. చదువుకో.

నాకు రేచీకటి. ఇప్పుడొచ్చింది కాదు, పుట్టినప్పటి నుంచీ ఉన్నదేనట. దీపం లేకపోతే నాకు ఏమీ కనపడదు. మసక కాదు, మబ్బు కాదు, ఏమీ కనపడదు. చిన్నప్పుడు చీకటంటే అందరికీ అంతే అనుకున్నాను. మీరంతా పడవలో "అదిగో వెలుగు, అదిగో వెలుగు" అంటుంటే నన్ను ఆటపట్టిస్తున్నారనుకుని నేనూ అవునవును అనేవాణ్ని. ఇక్కడ వీధి దీపాలున్నాయి కాబట్టి ఎలాగో నెట్టుకొచ్చాను. రాత్రిపూట తాళం పడిపోయిందని ఎవరు పిలిచినా వెళ్లను. షాపుల వాళ్లంతా నన్ను పగటి తాళం అంటారు. బద్ధకం అనుకుంటారు. అనుకోనీ అని ఊరుకున్నాను.

రెండేళ్ల నుంచి పగలు కూడా తలుపు చెక్కలకి భుజాలు తగలడం మొదలైంది. డాక్టరు దగ్గరికి వెళ్తే, పక్క చూపు మెల్లగా మూసుకుపోతోంది, ఇంకా మూసుకుపోతుంది అన్నాడు. గొట్టంలోంచి చూసినట్టు మిగులుతుందట కొన్నాళ్లకి. తాళాలైతే చేత్తో తీయగలను. నా భయం అది కాదు.

ఇది కుటుంబంలో వచ్చే జబ్బట. "మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అని అడిగాడు. "మా ఇంట్లోనా? మా నాన్న రాత్రిపూట పడవ నడిపిన మనిషండీ" అని గొప్పగా చెప్పాను. అయితే పాపని ఒకసారి చూపించండి అన్నాడు. నాలుగు నెలలైంది. తీసుకెళ్లలేకపోయాను. ఆ కుర్చీలో దాన్ని కూర్చోబెట్టి, డాక్టరు నోటి వెంట ఏ మాట వస్తుందో అని వినే ధైర్యం నాకు లేదు. మా ఆవిడకి రాత్రిళ్లు నా చూపు మందం అని తెలుసు, డాక్టరు చెప్పిన మిగతాది అప్పటికి తెలియదు.

అందుకని నీ దగ్గరికి తీసుకొచ్చాను. ఆ నీళ్ల మీద దీపం ఉండదు. వంతు వస్తే ఎలా ఉందో చెప్పక తప్పదు. ఆటలా తెలిసిపోతుంది అనుకున్నాను. తొమ్మిదో వంతు నాది, పదోది పాపది.

నా వంతుకి మా ఆవిడ పక్కనే ఉంది. ఏం చెప్పను? నల్లగా ఉందనా? నోటికొచ్చింది అన్నాను. నువ్వు పడవ తిప్పేశావు.

ఇప్పుడు పాపని అడుగుతుంటే, "నాన్నకి ఏం కనపడిందో నాకూ అదే" అంటోంది. "నీళ్లే" అంటోంది. పది సార్లు అడిగాను, పది సార్లూ అదే. నెల రోజులుగా నాకు నిద్ర లేదు. నువ్వు తెడ్డు దగ్గర ఎదురుగా కూర్చున్నావు. దాన్ని చూశావా? నీళ్లు చూసిందా అది? కోపం తర్వాత పడు, ముందు ఇది చెప్పు.

తమ్ముడు


మార్చి 13

ఒరేయ్,

చూడలేదు. నేను నిన్నే చూస్తున్నాను కోపంగా. పిల్ల వైపు చూడలేదు. ఇది రాయడానికి నాలుగు కాగితాలు చించాను.

నిన్ను ఏం చేస్తే నా కోపం తీరుతుంది? ముప్పై ఏడేళ్లు! తోడబుట్టినదానికి చెప్పవా? నువ్వు చీకట్లో నా కొంగు పట్టుకుని నడుస్తుంటే పిరికివాడివని వెక్కిరించానే! ఉత్తరంలో నాలుగు ముక్కలు ముందే రాసి ఉంటే మెట్ల దగ్గర నేనే ఎదురొచ్చేదాన్ని. "తాగొచ్చావా" అన్న మాట అనేదాన్ని కాదు. ఆ మాట తప్పే. తప్పు, తప్పు, తప్పు. మూడు సార్లు రాశాను, చాలా? మరదలికి కూడా చూపించు. నవ్విన పెద్దమనిషి మళ్లీ వస్తే నీళ్లలో తోస్తాను.

కానీ నువ్వు చేసిందీ తప్పే. పిల్లకి పరీక్ష పెట్టడానికి నా పడవ దొరికిందా? నాకు ఒక్క మాట చెప్పి ఉంటే దాని పక్కనే కూర్చుని, దాని వేలు పట్టుకుని చూసేదాన్ని కదా! నీ పిరికితనానికి నా కోపం తోడైంది, మధ్యలో ఆ పిల్ల నలిగింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. నువ్వు వెళ్లలేకపోతే నేను వచ్చి తీసుకెళ్తాను.

నాన్న ఉండి ఉంటే నీకు ఇంత కష్టం ఉండేది కాదు. చీకట్లో నడవడం ఆయన దగ్గర నేర్చుకోవాలి. మన గుమ్మం నుంచి ముప్పై ఆరు అడుగులు, అక్కడ పాతిన కర్రకి తాడు, తాడు వెంట ముడులు. మూడో ముడి దగ్గర మొదటి మెట్టు, ఏడో ముడి దగ్గర పడవ. చేత్తో లాంతరు పట్టుకున్నవాడిని చూస్తే ఆయనకి నవ్వు. "దీపం ఉన్నవాడికే భయం" అనేవాడు. అంత పనితనం ఉన్న మనిషి కడుపున పుట్టి నీకేంటిరా ఈ కర్మ?

నాకు ఏడుపు రావడం లేదు, ఒళ్లు మండుతోంది. ఎవరి మీదో తెలియడం లేదు.

అక్క


మార్చి 21

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పోయినసారి రాసింది కూడా తీసి పక్కన పెట్టుకుని చదివాను. నువ్వు కూర్చుని చదువు. నిలబడి చదవకు.

నేను ఇక్కడ మా ఇంట్లో గుమ్మం నుంచి వీధి కుళాయికి పద్దెనిమిది అడుగులు లెక్కపెట్టుకున్నాను. చెంబు ఉన్న చోట చెంబు లేకపోతే మా ఆవిడ మీద అరుస్తాను. సాయంత్రమయ్యాక పాప స్టూలు జరిపితే ఒకసారి చెయ్యి చేసుకున్నాను కూడా, ఆ తర్వాత సిగ్గుతో చచ్చాను. చీకట్లో నాకు దారి చెప్పడానికి ఎవరో ఒకరు ముందు ఉండాలి. అది తమాషా కోసం కాదు.

నాన్నకి కనపడేది కాదక్కా.

అమ్మ ముందు కూర్చున్నది అందుకు. అమ్మ పోయిన తొమ్మిదో రోజు నిన్ను కూర్చోబెట్టింది అందుకు. గుంజలు లెక్కపెట్టింది, తాడుకి ముడులు వేసింది అందుకు. పద్నాలుగు మంది నోళ్లు మూయించి ఒక్కొక్కరినీ ఎలా ఉందో చెప్పమన్నది కూడా అందుకే. ఆయన చూపించాడు గానీ, ఎప్పుడూ చూడలేదు.

నేను డాక్టరుకి అబద్ధం చెప్పాను. తెలియక చెప్పాను.

ఇంకోటి. నన్ను ఎందుకు పంపించేశాడో ఇరవై రెండేళ్లు ఒక రకంగా అనుకున్నాను. నువ్వు మర్చిపోయి ఉంటావు, నాకు పదిహేనేళ్లప్పుడు ఒక రాత్రి రేవు అంచు దాటి నడిచి నీళ్లలో పడ్డాను. నాన్నే దూకి తీశాడు. తిట్టలేదు. తెల్లవార్లూ నా మంచం పక్కన కూర్చున్నాడు. తెల్లారాక "నీకు ఎప్పటి నుంచి?" అని అడిగాడు. ఏది ఎప్పటి నుంచో నాకు అర్థం కాలేదు. వారంలో తాళాల షాపుకి తీసుకెళ్లాడు. అక్కడ నన్ను కళ్లు మూసుకోమని, ఒక తాళం నా చేతిలో పెట్టి, లోపల ఏముందో చెప్పమన్నాడు. చెప్పాను. "వీడి చేతులు మంచివి, ఈ పని వేళ్లతో చేసేది" అని షాపాయనకి చెప్పి వెళ్లిపోయాడు. వెనక్కి తిరిగి చూడలేదని ఆ రోజు ఏడ్చాను.

ఒక్క మాట చెప్పి ఉంటే నేను ఆయన్ని ఇన్నేళ్లు ద్వేషించేవాణ్ని కాదు. చెప్పలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు. ఆయన కొడుకునే నేను. దానికే ఇప్పుడు ఒళ్లు మండుతోంది.

పాపకి వచ్చే నెల పదో తారీఖున డాక్టరు దగ్గర టైం తీసుకున్నాం. మా ఆవిడకి అంతా చెప్పాను. తిట్టింది. నువ్వు తిట్టినంత కాదు.

తమ్ముడు


ఏప్రిల్ 2

చిన్నోడా,

నీ ఉత్తరం చదివి చించేశాను. మా నాన్నని గుడ్డివాడంటావా అని కుళాయి దగ్గర నిలబడి నీ వైపు తిరిగి తిట్టాను, నువ్వు ఎటువైపు ఉంటావో సరిగ్గా తెలియక రైల్వే స్టేషను వైపు తిరిగాను. తర్వాత ముక్కలు ఏరుకుని అన్నం మెతుకులతో అతికించాను.

ఆ సాయంత్రం గుమ్మం దగ్గర నిలబడి కళ్లు గట్టిగా మూసుకున్నాను. ముప్పై ఆరు అడుగులు. కర్ర. తాడు. మూడో ముడి, ఏడో ముడి. ఎక్కడా కాలు తడబడలేదు, నేరుగా పడవలోకి దిగాను. కళ్లున్నవాడికి అలాంటి దారి అక్కర్లేదురా. ఆ పడవలో కూర్చుని నాన్నని నోటికొచ్చినట్టు తిట్టాను. పద్నాలుగు మందిని ఎక్కించుకుని, నా గొంతు ఒక్కటే ఆధారంగా, ఇరవై రెండేళ్లు! ఒక రాత్రి నేను కునుకు తీసి ఉంటే? నాకు జ్వరం వచ్చి గుంజ తప్పు చెప్పి ఉంటే? చెప్తే నేను మాట్లాడకుండా బడి మానేసేదాన్ని. చెప్పకుండా మానిపించాడు. అది మాత్రం ఆయన్ని క్షమించను.

మర్నాడు మోటారు పడవల ముసలాయన దగ్గరికి వెళ్లాను. నా తమ్ముడికి అడగకుండా భుజం ఎందుకిచ్చావని నిలదీశాను. "మీ నాన్న నడకే వాడిదీ. మీ నాన్నకి కూడా నేనే ఇచ్చేవాణ్నమ్మా, మీ అమ్మ పోయాక, నువ్వు జనాన్ని ఎక్కించే పనిలో ఉన్నప్పుడు. ఎవరికీ చెప్పనని మాట తీసుకున్నాడు" అన్నాడు. అంత తెలిసినవాడు ఆరేళ్లుగా రేవు ఎందుకు అడుగుతున్నాడంటే, ఒక్క ఆడదాన్ని రాత్రిపూట నీళ్ల మీద తిరుగుతున్నానని భయమట! ఆయనతో కూడా పోట్లాడాను. ఊళ్లో ఇంకెవరూ మిగల్లేదు.

ఇప్పుడు పాప సంగతి. మొన్న ఆదివారం టీచరమ్మ మళ్లీ వచ్చింది. ఆ రాత్రి పాప వెనక పలక మీద కూర్చున్నది ఈవిడే. "ఆ చిన్నపిల్ల బాగుందా, చెప్పు దొరికిందా?" అని అడిగింది. చెప్పు సంగతి ఈవిడకెందుకు అనుకున్నాను. అప్పుడు చెప్పింది. పాప చెప్పు విప్పి నీళ్లలో ముంచి, పైకెత్తి, కారే చుక్కలు చూస్తూ ఆడుకుందట. చెయ్యి జారి చెప్పు కొట్టుకుపోయింది. అంత చీకట్లో వేలు చాపి "అదిగో, అక్కడ వెలుగుతోంది, అదిగో అటు పోతోంది" అని గుసగుసగా చూపించిందట. టీచరమ్మకి కళ్లజోడు ఉన్నా కనపడలేదు, పిల్ల వేలు చూపించిన చోట చెయ్యి పెడితే చెప్పు దొరికింది. తన పలక కింద పెట్టింది. అందుకే అది నానిపోయి ఉంది.

నేను డాక్టరుని కాదు. పదో తారీఖున తప్పకుండా చూపించండి. కానీ ఆ రాత్రి నీ కూతురికి కనపడింది. నీకు కనపడనంత దూరం కనపడింది. నీకు కనపడలేదని దానికి ఎలాగో తెలిసింది, అందుకే "నీళ్లే" అంటోంది. దాన్ని ఇంక అడగకు.

టీచరమ్మ వెళ్లిపోయాక తాడు కడుతుంటే నాకు నాన్న గొంతు గుర్తొచ్చింది. "ఇవాళ ఎలా ఉందే?" ఇరవై రెండేళ్లు, ప్రతి రాత్రీ అడిగాడు. జనం చెప్పింది జనానికి. నేను చెప్పేది ఆయనకి కావాలి. నేనేమనేదాన్నో తెలుసా? "ఎలా ఉంటుంది నాన్నా, నీళ్లేగా."

నువ్వన్న మాటే. నేను పడవ తిప్పేసిన మాటే. ఆయన ముడి సరిచూసుకుని, నా వెనకే నడిచేవాడు.

నీ కూతురు నీ కోసం అబద్ధం చెప్పింది. నేను నాన్నకి నిజం కూడా చెప్పలేదు.

ఆ రాత్రి ఇంటికి వెళ్లకుండా పడవలోనే కూర్చుని తెడ్డు కదిపి చూశాను, నీకు రాద్దామని. గంట కూర్చున్నాను. పెద్దాయనకి విరిగిన పాలు దొరికాయి, టీచరమ్మకి సుద్దపొడి దొరికింది, నాకు ఒక్క మాట దొరకలేదు. ఇంకా వెతుకుతున్నాను.

డాక్టరు పని అయ్యాక, వచ్చే అమావాస్యకి ముగ్గురూ రండి. మెట్ల దగ్గర నేనుంటాను, మరీ అరిస్తే మరదలిని నా నోరు మూయమను. పడవ ఆగాక నీ వంతు నేను అడగను. నువ్వే నన్ను అడుగు, ఇవాళ ఎలా ఉందే అని, ఆయన అడిగినట్టే. ఈసారి చెప్తాను.

చెప్పు పంపడం లేదు. వచ్చి తీసుకెళ్లండి.

నీ అక్క